సెన్సస్‌లో జెండర్ లెక్కలు ఎంతవరకు నమ్మొచ్చు?

ఈస్ట్‌హామ్_నాని
అందరికీ నమస్తే, చిన్న డౌట్. ఇంగ్లండ్, వేల్స్‌లో 2021 సెన్సస్‌లో మొదటిసారి జెండర్ ఐడెంటిటీ గురించి అడిగారు కదా, 16 ఏళ్లు దాటినోళ్లని, అదీ ఇష్టమైతేనే చెప్పమని. 2 లక్షల 62 వేల మంది, అంటే 0.5 శాతం, పుట్టినప్పటి సెక్స్, ఇప్పటి జెండర్ ఒకటి కాదు అన్నారంట. నిన్న ఏరియాల వారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ మా ఈస్ట్ లండన్ న్యూహామ్‌లోనే, 1.5 శాతం! గే, ట్రాన్స్ వాళ్లు ఎక్కువుంటారని పేరున్న బ్రైటన్ కూడా మా వెనకే. ఇక్కడ ట్రాన్స్ వాళ్లు ఉండరని కాదు నా ఉద్దేశం, కానీ దోశ సెంటర్లు, చీరల కొట్లు ఉన్న మా వీధులు బ్రైటన్‌ని దాటేశాయంటే ఎక్కడో తేడా కొడుతోంది. ఎవరికైనా తెలుసా?

లెక్కల_పిచ్చోడు
తేడా ప్రశ్నలోనే ఉంది బ్రో. మీరు ఏ జెండర్ అనుకుంటున్నారో అదీ, పుట్టినప్పుడు రిజిస్టర్ అయిన సెక్సూ ఒకటేనా అని ఒకే వాక్యంలో మెలిపెట్టి అడిగారు, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినోళ్లకి అది ఎటు తిరిగిందో అర్థం కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో మైకేల్ బిగ్స్ అనే సోషియాలజీ ఆయన ఇదే పట్టుకున్నాడు, ఇంగ్లిష్ సరిగ్గా రానివాళ్లు ఎక్కువున్న చోటే ఈ శాతం లేచిందని. ఆ 2.62 లక్షల్లో 1.18 లక్షల మంది 'నో' టిక్ కొట్టి, మీ జెండర్ ఏంటో రాయమన్న కింద ఖాళీలో ఏమీ రాయలేదు, అక్కడే అనుమానం రావాలి. చివరికి 2024 సెప్టెంబర్‌లో ఈ సెన్సస్ చేసిన ప్రభుత్వ గణాంకాల ఆఫీసు ఓఎన్ఎస్ వాళ్లే ఈ లెక్కలకున్న గుర్తింపు ముద్ర తీసేసి 'ఇంకా డెవలప్‌మెంట్‌లో ఉన్నవి' కింద పెట్టుకున్నారు. స్కాట్లాండ్ వాళ్లు 2022లో మీరు ట్రాన్సా అని సూటిగా అడిగారు, గొడవ లేదు.

సుజాత_లండన్
మా ఇంట్లో జరిగింది చెప్తా 😄 సెన్సస్ జరిగిన ఆ 2021 మార్చిలో మామయ్యగారు మా దగ్గరే ఉన్నారు, ల్యాప్‌టాప్‌లో ఫారం ఆయనే నింపుతానన్నారు. ఈ ప్రశ్న దగ్గర ఆగి, "రిజిస్టర్డ్ ఎట్ బర్త్ అంట, మా ఊళ్లో నన్నెవడు రిజిస్టర్ చేశాడమ్మా, నాకు బర్త్ సర్టిఫికెట్టే లేదు" అని టక్కున నో కొట్టేశారు. నేను పక్కనే ఉన్నా కాబట్టి మార్చాం, లేకపోతే ఆ 2.62 లక్షల్లో మా మామయ్యగారు కూడా ఒకరు.

గుంటూరు_కారం
మన దగ్గర ఇంకా ఘోరం అండి. 2011లో మగ 1, ఆడ 2, 'ఇతరులు' 3 అని కోడ్ ఇచ్చారు. దేశం మొత్తం 4,87,803 వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769. పేపర్లన్నీ ట్రాన్స్‌జెండర్ జనాభా ఇంత అని రాసేశాయి, సెన్సస్ వాళ్లేమో మేము ట్రాన్స్‌జెండర్ అని విడిగా అడగనే లేదు, 3 రాయించుకున్నోళ్లంతా అందులో ఉంటారు అని చెప్తూనే ఉన్నారు. అందులో 54,854 మంది ఆరేళ్ల లోపు పిల్లలు. నాలుగేళ్ల పిల్లకి 3 అని చెప్పింది ఎవరండీ, ఇంటి పెద్దా, ఎండలో తిరిగి చెయ్యి జారిన పంతులుగారా? ఇంకోపక్క 2024 ఓటర్ల లిస్టులో థర్డ్ జెండర్ 48 వేల పైచిలుకే. పిల్లల్ని తీసేసినా ఈ రెండూ ఎక్కడా కలవవు.

పేరు_వద్దు_హైదరాబాద్
అందరూ లెక్క ఎక్కువ వచ్చిన సంగతే మాట్లాడుతున్నరు, లెక్కల రానోళ్ల సంగతి ఎవరూ అంటలేరు. 2011ల సెన్సస్ సార్ మా ఇంటికొస్తే నేను లోపలి గదిలనే ఉన్న. అమ్మ గుమ్మం కాడ నిలబడి ఇద్దరు మగపిల్లలు అని రాయించి పంపింది. నన్ను పిలిచి అడిగినా అమ్మ ముంగట నేను నోరు తెరుస్తుంటినా? ఇంటికో ఫారం, ఇంటి పెద్ద జవాబు అన్నంత కాలం మాలాంటోళ్లు లెక్కల రారు. 2027లది ఫోన్‌ల మనమే నింపుకోవచ్చంటున్నరు, కానీ ఆ ఫోన్ ఎవరి చేతిలుంటదో చూడాలె.

ఈస్ట్‌హామ్_నాని
థ్యాంక్స్ అందరికీ. ఫారం ఎవరి చేతిలో ఉందనేది నాకు తట్టనే లేదు. 2021లో మేం ఒకే ఇంట్లో ఎనిమిది మందిమి, లీజు ఎవరి పేరున ఉందో ఆ అన్నే రాత్రి డ్యూటీ నుంచి వచ్చి అందరిదీ నింపేశాడు. మా గురించి ఏం కొట్టాడో ఇప్పుడు ఫోన్ చేసి అడగాలి.