పెరట్లో మొలిచిన తుంగ పీకితే కేసవుతుందా?

ప్రశ్న (కేరీ, నార్త్ కరోలినా): వానలు పడ్డాక మా లాన్‌లో లేత పసుపుపచ్చ గడ్డి ఒకటి ఏపుగా లేస్తోంది. ఫోన్ యాప్ ‘గోల్డెన్ సెడ్జ్’ అంది. అదీ తుంగ కుటుంబానిదే, ప్రభుత్వ రక్షణలో ఉన్న మొక్కట. ఇటు హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) వాళ్ళేమో కలుపు తీయమని ఉత్తరం పంపారు. పీకాలంటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: పీకేయండి. మీ లాన్‌లోది ఎల్లో నట్‌సెడ్జ్ అయ్యుంటుంది, మన తుంగకు దగ్గరి చుట్టం. కాడ మూడంచులుగా ఉండటం నట్‌సెడ్జ్‌కీ, గోల్డెన్ సెడ్జ్‌కీ ఉంది కాబట్టి దాంతో తేలదు, పూత చూడాలి. నట్‌సెడ్జ్‌కి ఎండలు ముదిరాక కాడ కొసన గొడుగు ఊచల్లా కంకులు విచ్చుకుంటాయి. గోల్డెన్ సెడ్జ్ ఏప్రిల్, జూన్ మధ్య పూస్తుంది. కొసన సన్నటి మగ కంకి, దాని కింద పొట్టి ఆడ కంకులు, అవే పసుపుపచ్చగా బంగారంలా మెరుస్తాయి.

అసలు మీ ఊరే పెద్ద ఆధారం. 1991లో తొలిసారి కంటపడ్డ ఆ మొక్క ప్రపంచం మొత్తంలో నార్త్ కరోలినా తీరంలోని పెండర్, ఆన్‌స్లో కౌంటీల్లో తప్ప ఎక్కడా లేదు.

ప్రశ్న: పక్క కౌంటీల్లోకి ఎందుకు పాకలేదండీ? మన తుంగ ఊరంతా పాకుతుంది కదా!

జవాబు: దానికి నేల కుదరాలి. ఆ తీరంలో ఇసుక నేల మామూలుగా పులుపు, అంటే ఆమ్లగుణం ఎక్కువ. కొన్నిచోట్ల మాత్రం అడుగున పాత గవ్వలు, చిప్పలతో గట్టిపడ్డ సున్నపురాయి ఉంటుంది. పైన చెమ్మ, కింద సున్నం, నెత్తిన ఎండ, మూడూ కావాలి దానికి. ఎండ తగలాలంటే లాంగ్‌లీఫ్ పైన్ చెట్ల కింద పొదలు అప్పుడప్పుడు కాలాలి. మంటలు ఆపేస్తే పొదలు కమ్మేస్తాయి, కాలవ తవ్వితే చెమ్మ పోతుంది.

ఇంకొకరు: ఊళ్ళో మా నాన్న జీవితమంతా తుంగగడ్డలు తవ్వుతూనే ఉన్నారు. తుంగకు చట్టం ఉందంటే నమ్మరు!

ప్రశ్న: గోల్డెన్ సెడ్జ్‌ని పిల్లలకు చూపించి, ఒక దుబ్బు తెచ్చుకోవచ్చా?

జవాబు: వద్దమ్మా. 2002 నుంచి అది అమెరికా ప్రభుత్వ అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. తెచ్చినా కేరీ ఎర్రమట్టిలో బతకదు. ఫొటో తీసుకోండి, చోటు మాత్రం బయట పెట్టకండి.

ఇక మీ లాన్ సంగతి: అయిదారు ఆకులు రాకముందే గడ్డతో సహా లాగండి. ముదిరితే కింద కొత్త గడ్డలు కడతాయి. స్ప్రింక్లర్ తగ్గించండి, నీళ్ళు నిలిచేచోటే అది పండగ చేసుకుంటుంది.