థెలీమా, థియాసఫీ: రెండూ చూసినవాళ్ళు కాస్త చెప్పండి

కొత్త_పక్షి:
అందరికీ నమస్కారం. తాతగారు పోయాక ఆయన బీరువా సర్దుతుంటే ఒక అర నిండా దివ్యజ్ఞాన సమాజం (థియాసఫీ) వాళ్ళ పుస్తకాలు కనిపించాయి. అదే వారంలో యూట్యూబ్ నాకు థెలీమా అనే మతం పెట్టిన అలిస్టర్ క్రౌలీ వీడియోలు చూపించడం మొదలెట్టింది. రెండింట్లోనూ ఈజిప్టు, యోగం, కంటికి కనపడని గురువులు. అసలు తేడా ఎక్కడ? రోజూ చేసుకునే సాధన దేంట్లో ఉంది? నాది నైట్ షిఫ్ట్, ఏది కుదురుతుంది? ఇంట్లో తెలియకూడదు.

పాత_లాడ్జి_మెంబరు:
సాధన సంగతి అడగకు నాయనా. పదకొండేళ్ళు ఒక లాడ్జికి, అంటే ఆ సమాజం శాఖకి, వెళ్ళాను, ఊరి పేరు వద్దులే. ప్రతి గురువారం సమాజం పెట్టిన బ్లావట్‌స్కీగారి ‘సీక్రెట్ డాక్ట్రిన్’ చదివేవాళ్ళం. అంటే ఒకాయన చదివేవాడు, మిగతా అందరం ఫ్యాను వంక చూసేవాళ్ళం. పదకొండేళ్ళలో మొదటి సంపుటం దాటలేదు. ధ్యానం నేర్పండి మహాప్రభో అంటే ‘ముందు విశ్వమానవ సోదరభావం అలవరచుకో’ అన్నారు ఇద్దరు పెద్దలు. ఆ ఇద్దరే కుర్చీల లెక్క దగ్గర తగువుపడి నాలుగేళ్ళు మొహమొహాలు చూసుకోలేదు.

సోమరి_సిద్ధుడు:
క్రౌలీదా? చాలా సింపుల్. ‘నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి, అదే శాస్త్రం.’ మా తమ్ముడు ఇరవై ఏళ్ళుగా ఆ మతంలోనే ఉన్నాడు, పేరు తెలీదంతే. నిన్న అర్ధరాత్రి బిర్యానీ కూడా ఆ శాస్త్రప్రకారమే తిన్నాడు.

తొంభైమూడు:
వచ్చేశారండీ. ‘డూ వాట్ దౌ విల్ట్’కి ఆ అనువాదం చూసి చూసి విసుగొచ్చింది. 1904 ఏప్రిల్ 8, 9, 10 తేదీల్లో కైరోలో రోజుకో గంట చొప్పున క్రౌలీ రాసుకున్న పుస్తకంలోది ఆ మాట. ఐవాస్ అనే అదృశ్యశక్తి చెప్పిందని ఆయన నమ్మకం. థెలీమా అంటే గ్రీకులో సంకల్పం. ప్రతి మనిషీ ఒక నక్షత్రం, ఎవరి కక్ష్య వాళ్ళకుంది, అది తెలుసుకుని దాని మీద నడవమని అర్థం. బిర్యానీ మీద మనసుపడటం సంకల్పం కాదు. రెండో సగం ఎవరూ చెప్పరు: ‘ప్రేమే ధర్మం, సంకల్పానికి లోబడిన ప్రేమ.’ గ్రీకులో ప్రేమ, సంకల్పం అనే ఆ రెండు మాటల అక్షరాల విలువలు విడివిడిగా కూడినా 93 వస్తుంది. నా పేరు అందుకే. అక్షరాలకి అంకెలిచ్చే మన కటపయాది లాంటిదనుకోండి.

వ్యాకరణం_మేష్టారు:
కటపయాదిలో విలువలు కూడరు బాబూ. అంకెలుగా పేరుస్తారు, అదీ కుడి నుంచి ఎడమకి. మీది వేరే లెక్క. ‘సంకల్పం’ కూడా నప్పలేదు. అది వ్రతానికి కూర్చునే ముందు గోత్రనామాలతో చెప్పుకునేది. మీకు కావలసిన మాట స్వధర్మం. గీత మూడో అధ్యాయం, 35.

తొంభైమూడు:
కటపయాది విషయంలో తప్పు నాదే. స్వధర్మం మాత్రం ఒప్పుకోను మేష్టారూ. అర్జునుడికి అది పుట్టుకతో వచ్చింది, క్షత్రియుడు గనక యుద్ధం చెయ్యమన్నారు. థెలీమాలో ఎవరిది వాళ్ళు తవ్వి తీసుకోవాలి.

వ్యాకరణం_మేష్టారు:
గీత ఎవరి దగ్గర చదివారు? పద్ధెనిమిదిలో ‘స్వభావనియతం కర్మ’ అని ఉంది. స్వభావం అన్నాడు, పుట్టుక అనలేదు.

తొంభైమూడు:
ఆ తర్వాతి శ్లోకమే ‘సహజం కర్మ కౌంతేయ’. సహజం అంటే మనతోపాటే పుట్టినదని మీకు నేను చెప్పాలా?

వ్యాకరణం_మేష్టారు:
నలభై ఏళ్ళు పిల్లలకి సంస్కృతం చెప్పినవాడికి ‘సహజం’ అర్థం చెబుతున్నావా? పొగరు తగ్గించుకో.

సోమరి_సిద్ధుడు:
ఒక్క బిర్యానీకి కురుక్షేత్రమా.

గోదారి_గట్టు:
ఇంత రాశారు, మా కాకినాడ తల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు ఒక్కరూ ఎత్తలేదు. సమాజం పెట్టిన బ్లావట్‌స్కీ, ఆల్కాట్ 1882లో మద్రాసు వచ్చినప్పుడు ఆయన పాతికేళ్ళ వకీలు. మనిషిలో ఏడు తత్త్వాలని ఆవిడ లెక్క. తారక రాజయోగమనే యోగమార్గం ప్రకారం మూడు ఉపాధులు (ఆత్మకి తొడుగుల్లాంటి దేహాలు), వాటిపైన ఆత్మ, వెరసి నాలుగు చాలన్నాడు ఈయన. 1887లో సమాజం పత్రికలోనే వాదించుకున్నారు. ‘సీక్రెట్ డాక్ట్రిన్’ రాతప్రతి దిద్దమని పంపితే ముట్టుకోనన్నాడు, 1888లో సమాజం నుంచే బయటికొచ్చేశాడు. 33 ఏళ్ళకే పోయాడు. ఆయన 1886 గీతోపన్యాసాలు చదివాక నాకింక ఏ తెల్లవాళ్ళ తత్త్వమూ ఎక్కలేదు.

గుప్త_గరుడ:
నేను 22 ఏళ్ళుగా పాశ్చాత్య తంత్రంలో ఉన్నాను, కాబట్టి క్లారిటీ ఇస్తున్నా. రెండూ ఒకటే. క్రౌలీ మద్రాసులో సమాజం కేంద్రమైన అడయారులో రహస్యంగా దీక్ష తీసుకున్నాడు. ఇక్కడితో చర్చ ముగించవచ్చు.

తొంభైమూడు:
అన్నా, ఎక్కడిదీ కథ? 1901లో ఆయన వచ్చింది సిలోన్‌కి, మిత్రుడు అలన్ బెనెట్ కోసం. క్యాండీలో యోగం చేశాడు, తర్వాత మదురై గుడి చూశాడు. ఈ బెనెట్టే తర్వాత బౌద్ధ భిక్షువయ్యాడు. క్రౌలీకి బ్లావట్‌స్కీ అంటే గౌరవం ఉంది, ఆవిడ ‘వాయిస్ ఆఫ్ ది సైలెన్స్’కి 1919లో వ్యాఖ్య కూడా అచ్చేశాడు. ఆవిడ తర్వాత సమాజంలో పెద్దలైన అనీ బిసెంటు, లెడ్‌బీటర్ పేరెత్తితేనే మంట.

గుప్త_గరుడ:
లోపలి సమాచారం వేరే ఉంటుంది. పుస్తకాల్లో దొరకదు.

మదనపల్లె_మేనత్త:
ఆ మంట మాకూ ఉంది. జిడ్డు కృష్ణమూర్తి మా ఊళ్ళో పుట్టినవాడు. తల్లి లేని పిల్లవాణ్ణి 1909లో ఆ లెడ్‌బీటర్ అడయారు తీరాన చూసి జగద్గురువు అవుతాడన్నాడు. తండ్రి నారాయణయ్యగారు పిల్లల కోసం బిసెంటమ్మ మీద కోర్టుకెక్కి మద్రాసులో గెలిచి, 1914లో లండన్‌లోని పైకోర్టు ప్రీవీ కౌన్సిల్‌లో ఓడిపోయాడు. చివరికి ఆ అబ్బాయే 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఓమెన్‌లో, అంతమంది ముందు, తన కోసం పెట్టిన సంఘాన్ని తనే రద్దు చేశాడు. బిసెంటమ్మ పేరుతో 1915లో పెట్టిన కాలేజీ మా ఊళ్ళో ఉంది, మా అన్నయ్య అక్కడే చదివాడు, ఆ మేలు కాదనను. కానీ ఆ తండ్రి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగులుతుంది.

తొంభైమూడు:
అత్తయ్యగారూ, ఆ జగద్గురువు ప్రచారాన్ని క్రౌలీ అప్పట్లోనే ఎండగట్టాడు!

మదనపల్లె_మేనత్త:
ఎండగట్టింది ఆ పిల్లాడి మీద జాలితో కాదు బాబూ, ఆ కుర్చీ తనకే కావాలని. ఇటలీలోని సిసిలీలో మఠం పెట్టి, 1923లో ఒక శిష్యకుర్రాడు అక్కడే చచ్చిపోతే ముసోలినీ గెంటేశాడుగా మీ గురువుని.

తొంభైమూడు:
అతను పోయింది జబ్బు చేసి. నీళ్ళు పడలేదని అతని భార్యే చెప్పింది. పేపర్లు దాన్ని క్షుద్రపూజ కథ చేశాయి. మీలాంటి పెద్దలు కూడా...

మదనపల్లె_మేనత్త:
క్షుద్రపూజ అని నేనన్నానా? చదివి జవాబివ్వు.

కొత్త_పక్షి:
అయ్యా, నైట్ షిఫ్ట్...

తొంభైమూడు:
సారీ తమ్ముడూ. సంధ్యావందనం మూడు పూటలైతే థెలీమాలో సూర్యుడికి నాలుగు పూటలు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, అర్ధరాత్రి. ఆ అర్ధరాత్రిదే అందరం ఎగ్గొడతాం. నీకు టీ బ్రేక్‌లో అయిపోతుంది, ఉత్తరం వైపు తిరుగు చాలు. చేసిందల్లా రోజూ డైరీలో రాయాలి. ఆ డైరీ ఇంట్లో దాచలేవు, అది ముందే చెప్తున్నా.

పాత_లాడ్జి_మెంబరు:
బాబూ, తాతగారి పుస్తకాలు ఇచ్చేసే ఉద్దేశం ఏమైనా ఉందా? ‘సీక్రెట్ డాక్ట్రిన్’ ఉంటే రెండో సంపుటం చాలు. మొదటిది వద్దు.