ఎనిమిదేళ్ల బాబుకు సొంత పనులు అలవాటు చేయడం ఎలా?

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి ఒక తల్లి):

మా బాబుకు ఎనిమిదేళ్లు నిండాయి, మూడో తరగతి చదువుతున్నాడు. లెక్కల్లో చురుకైనవాడే కానీ, పొద్దున్న లేచింది మొదలు స్కూలు బస్సు ఎక్కేవరకు తన పని ఒక్కటీ తాను చేసుకోడు. చొక్కా తొడగమని రెండు చేతులూ చాచి నిలబడతాడు. మా అత్తగారు మోకాళ్ల నొప్పులతోనే కింద కూర్చుని వాడి బూట్ల లేసులు కడతారు. ఇడ్లీ తుంచి నోట్లో పెట్టేదీ ఆవిడే. బస్సు ఏడుంబావుకు వస్తుంది కాబట్టి నేను పట్టుబడితే బస్సు తప్పుతుంది, ఊరుకుంటే అలవాటు ముదురుతుంది. పైగా నేను ఏమన్నా అంటే, "పసివాడు, పెద్దయితే వాడే నేర్చుకుంటాడు" అని అత్తగారు చిన్నబుచ్చుకుంటారు. ఆవిడ మనసు నొప్పించకుండా ఏదైనా మార్గం ఉంటే చెప్పగలరు.

సమాధానం (మలక్‌పేట, విశ్రాంత ఉపాధ్యాయుడు):

అమ్మా, నేర్పడానికి మీరు ఉదయం వేళను ఎంచుకోవడమే చిక్కు అని నాకు తోస్తోంది. బస్సు హారను వినిపిస్తుండగా ఎవరూ ఏదీ నేర్చుకోలేరు, నేర్పలేరు కూడా. ఆదివారం మధ్యాహ్నం భోజనమయ్యాక ఒక బూటును వాడి ఒళ్లో పెట్టి, దానికి ఒకవైపు ఎర్ర లేసు, మరోవైపు తెల్ల లేసు వచ్చేలా కలిపి కట్టండి. ఏది దేని మీదుగా వెళుతుందో కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. మొదట ముడి అంతా మీరే వేసి, చివర బిగించడం మాత్రం వాడికి వదలండి. అది పట్టుబడ్డాక దానికి ముందరి మెట్టు, ఆపై ఇంకో మెట్టు అప్పగించండి. ఇలా చివరినుంచి వెనక్కు నేర్పితే, ప్రతిసారీ పని పూర్తిచేసేది పిల్లవాడే అవుతాడు.

ఇంకో మాట. వాడి యూనిఫారం ఏ అరలో ఉందో ఒకసారి చూడండి. ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి 1907లో రోములో మొదలుపెట్టిన బడికోసం పిల్లలు తామే జరుపుకోగలిగేంత తేలికైన చిన్న బల్లలు, కుర్చీలు చేయించారు. (ఆవిడ 1939లో మద్రాసు వచ్చి అడయారులో మన ఉపాధ్యాయులకు కూడా శిక్షణ ఇచ్చారు.) బట్టలు వాడి చేతికి అందని పై అరలో ఉంటే, అడగక ఏం చేస్తాడు?

సమాధానం (మియాపూర్, ఒక తల్లి):

అత్తగారి సంగతి నేను చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లోనూ ఇదే జరిగింది. పని మానమంటే పెద్దవాళ్లకు తమ అవసరం తీరిపోయినట్టు అనిపిస్తుంది కాబట్టి, ఆవిడనే గురువుగా కూర్చోబెట్టండి. మా పాపకు బియ్యం కడిగి ఎసరు చూడడం నేర్పింది మా అత్తగారే: వేలి కొన బియ్యానికి తగిలేలా పెట్టి, నీళ్లు మొదటి గీత దాకా రావాలని చూపించారు. ఇప్పుడు కుక్కరు మూత పెట్టేముందు పాప వేలు ముంచి, "నాన్నమ్మా, సరిపోయాయి" అని గట్టిగా కేకేస్తుంది.

నేను చేసిన తప్పు మాత్రం మీరు చేయవద్దు. పాప వంకరగా మడిచిన తువ్వాళ్లను రాత్రి దాన్ని నిద్రపుచ్చి మళ్లీ మడిచాను. పొద్దున్నే అది చూసింది, ఏమీ అనలేదు, ఆ తరువాత నెల రోజులు బట్టల జోలికి రాలేదు.

సమాధానం (ఉప్పల్, ఒక తండ్రి):

పై సలహాలతో ఏకీభవిస్తూనే రెండు జాగ్రత్తలు చెబుతాను. పనికి ఇంత అని డబ్బులు ఇవ్వకండి. నేను మంచం సర్దితే పది రూపాయలన్నాను, మూడో వారానికి మావాడు మంచినీళ్లు తేవడానికి కూడా రేటు అడిగాడు. రెండోది, వంటింటి పనులు నేర్పినా, పొయ్యి వెలిగించడం మాత్రం పెద్దవాళ్ల చేతిలోనే ఉంచండి. వంటగ్యాసు గాలికన్నా బరువైనది కనుక నేల దగ్గరే పేరుకుంటుందని, వాసన వస్తే ఏ స్విచ్చూ ముట్టుకోకుండా వెంటనే పెద్దవాళ్లను పిలిచి బయటికి రావాలని ఇప్పుడే చెప్పి ఉంచండి. ఫిర్యాదుకు 1906 నంబరును ఫ్రిజ్ మీద అంటించండి.

ప్రశ్న అడిగిన తల్లి:

అందరికీ కృతజ్ఞతలు. యూనిఫారాన్ని కింది అరలోకి మార్చాను. ఆదివారం ఎర్ర లేసు, తెల్ల లేసు నేను కట్టబోతుంటే అత్తగారే కళ్లజోడు తెప్పించుకుని, "ఇటివ్వు, నీకు ముడి సరిగ్గా రాదు" అని మనవడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఈరోజు ఒక బూటుకు చివరి ముడి వాడే బిగించాడు, రెండోది ఆవిడ కట్టారు. ఇడ్లీ విషయం ఇంకా కదపలేదు.