చంపినవారి ఛాతీ మీది కెమెరాతో చనిపోయినవాడి కథ చెప్పవచ్చా?

హనుమకొండ చౌరస్తా:
మొన్న ఆదివారం మిత్రులం కూర్చుని ఒక అరగంట డాక్యుమెంటరీ చూశాం. షికాగోలో 2018 జూలైలో పోలీసులు ఒక క్షురకుణ్ణి కాల్చి చంపిన ఘటన. పోలీసుల బాడీ కెమెరాలు, వీధి నిఘా కెమెరాల దృశ్యాలనే తెరను గళ్లుగా విడగొట్టి పక్కపక్కన పెట్టారు. వ్యాఖ్యాత గొంతు లేదు. చూశాక మాలో మేం కొట్టుకున్నంత పని చేశాం. ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి లేదని నా వాదన. రోడ్డు మీద పడి ఉన్న మనిషిని అంతసేపు చూపడం దారుణమని మావాడి వాదన. మీరేమంటారు?

ఎడిటింగ్ టేబుల్:
నిజాయితీ అన్న మాట దగ్గరే ఆగిపోయాను. నేను పదేళ్లుగా పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తున్నాను. జీలకర్ర బెల్లం నుంచి అప్పగింతల దాకా ఏడు నిమిషాలకు కుదిస్తే వియ్యపురాలి అలక ఎక్కడికి పోతుందో నాకు తెలుసు! ఏ గడి ముందు కదలాలి, ఎవరి గొంతు వినపడాలి అన్నది దర్శకుడి ఇష్టమే.

ఇక ఆ కెమెరా ఉండేది పోలీసు ఛాతీ మీద. అందులో అతను తప్ప అందరూ కనిపిస్తారు. అతని ముఖం, అతని భయం మనకు దక్కవు. పైగా కొన్ని రకాల కెమెరాలు బటన్ నొక్కకముందు నుంచే తీస్తూ ఉంటాయి, కానీ ఆ ముందరి అరనిమిషానికి బొమ్మ మాత్రమే మిగులుతుంది, శబ్దం ఉండదు. ఎవరు ఏమన్నారో తెలియాల్సిన చోటే మూగబోతుంది.

హనుమకొండ చౌరస్తా:
అందుకే కదండీ వీధి కెమెరాను పక్కన పెట్టింది! కాల్చిన కాసేపటికే పోలీసులు, ఆ క్షురకుడు తుపాకీ తీశాడని ఒకరికొకరు చెప్పుకుంటూ ఉంటారు. పోలీసు కథనం మన కళ్ల ముందే తయారవుతుంది. ఏ వ్యాఖ్యాత చెప్పగలడు దాన్ని?

నల్లకోటు:
మీ తగాదా చూస్తే అసూయగా ఉంది. ఎక్కువ చూపారని పోట్లాడుకోవడానికైనా వాళ్ల దగ్గర చూపడానికంటూ ఒకటి ఉంది. 2015 ఏప్రిల్ 7న మన వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకువెళుతున్న ఐదుగురు విచారణ ఖైదీలు ఆలేరు దగ్గర వ్యానులోనే పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఆయుధం లాక్కోబోయారని పోలీసులు చెప్పారు. పత్రికల్లో వచ్చిన ఫోటోల్లో చేతులకు బేడీలున్నాయి. వ్యానులో ఏం జరిగిందో చూపే దృశ్యం మాత్రం జనం ముందుకు రాలేదు. (ఆ జైలు కూడా ఇప్పుడు లేదు. 2021లో కూల్చి ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు.)

ఎన్‌కౌంటర్లపై 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన 16 మార్గదర్శకాల్లో పోస్టుమార్టంను వీడియో తీసి భద్రపరచాలని ఉంది. కాల్పులను వీడియో తీయాలని లేదు.

వడ్డేపల్లి చెరువు:
మా నాన్న కానిస్టేబుల్‌గా పనిచేశారు. కెమెరా ఉండాలనే నేనూ అంటాను, తప్పు చేయనివాణ్ణి కాపాడేదీ అదే. కానీ అది కోర్టుకు చేరాలి. సినిమా అయితే తీర్పు రాకముందే ఆ పోలీసు పిల్లలను బడిలో వేలెత్తి చూపుతారు. చనిపోయినవాడి తల్లి కూడా ఎన్నిసార్లు చూడాలి దాన్ని?

నల్లకోటు:
కోర్టుకు చేరినది బీరువాలోనే ఉండిపోతే? ఆ తల్లిని అడిగి చూపమనండి, ఒప్పుకుంటాను. అసలు చూపనే వద్దని మీరంటే ఒప్పుకోను.

పెద్దమ్మగడ్డ:
మొదటి పోస్టులోని ‘మావాడు’ నేనే. నా మాట సగమే చేరింది. నా బాధ నెత్తురు గురించి కాదు. ఒక గడిలో ఆయన కదలకుండా పడి ఉన్నాడు. మిగతా వాటిలో జనం అరుస్తున్నారు, పోలీసులు మాట్లాడుకుంటున్నారు. నా చేతిలో మిర్చి బజ్జీ ఉంది. కాసేపటికి నేను ఆయన ఉన్న గడిని చూడటం మానేశాను. దర్శకుడు కావాలనే అలా చేసి ఉండవచ్చు. నాకు కోపం వచ్చింది అందుకే. ఆ కోపం దర్శకుడి మీదో నా మీదో ఇంకా తేల్చుకోలేదు.