యాసంగిలో ఆరుతడి పంటలకు మారడం: ఊరంతటినీ కలిపి నిర్ణయించడం ఎలా?

ప్రశ్న (వార్డు సభ్యుడు, జనగామ వైపు)

మా ఊరికి ఉన్నది ఒకే చెరువు. దాని ఆయకట్టులోనూ, బయట బోర్ల కిందా యాసంగిలో దాదాపు అందరూ వరే వేస్తారు. మార్చి దాటేసరికి బోర్లు ఆగి ఆగి పోస్తాయి, చివరి మడులు పొట్ట దశలో ఎండుతాయి, వాటిని దక్కించుకోవడానికి అప్పు చేసి కొత్త బోర్లు వేయించే ఇళ్లు ఏటా కొన్ని ఉంటాయి. కొంత భూమిలోనైనా మక్క, పల్లి, నువ్వుల వంటి తక్కువ నీటితో పండే ఆరుతడి పంటలు వేద్దామని పోయిన గ్రామసభలో ప్రతిపాదించగా, చెరువు నీళ్లు వదిలే తూము దగ్గరి రైతులు తమకు నీళ్లు సరిపోతున్నాయని లేచి వెళ్లిపోయారు, చివరి మడుల వాళ్లు నోరు విప్పలేదు. తీర్మానం రాసి సంతకాలు పెట్టిద్దామని కొందరు పెద్దలు అంటున్నారు కానీ, అటువంటి కాగితం పొలం దాకా వెళ్తుందన్న నమ్మకం నాకు లేదు. మీ ఊళ్లలో ఇటువంటి మార్పుకు జనాన్ని ఎలా సిద్ధం చేశారో చెప్పగలరు.

జవాబు 1 (నీటిపారుదల శాఖలో పనిచేసి విశ్రాంతి పొందినవారు, హనుమకొండ)

సభలో పంట మాట ఎత్తడానికి ముందు నీటి మాట ఎత్తవలసింది. చెరువులో ఉన్న నీటిని బట్టి యాసంగికి ఎంత విస్తీర్ణం తడపగలమో ముందే ఖరారు చేసే తైబందీ మనకు కొత్త కాదు. వానాకాలం ముగిశాక చెరువు మట్టాన్నీ, ఊరి నలుదిక్కులా ఎంచుకున్న కొన్ని బావులూ బోర్లలో నీటి లోతునూ రైతులే కొలిచి, ఆ అంకెలను పంచాయతీ గోడ మీద రాయించండి. అధికారి చెప్పిన లెక్కను జనం అనుమానిస్తారు, తాము తాడు వేసి కొలిచిన లోతును అనుమానించలేరు. వరికి ఒక పంటకాలంలో సుమారు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి, మక్కకు అందులో సగం చాలు. ఈ రెండూ పక్కపక్కన కనబడితే చర్చ దానంతట అదే దారిలో పడుతుంది. మహారాష్ట్రలోని హివరే బాజార్ అనే ఊళ్లో ఏటా ఇలాగే నీటి లెక్క వేసుకున్న తర్వాతే పంటలు నిర్ణయించుకుంటారు.

మన వైపు నేల కింద ఉన్నది గట్టి రాయి, నీరు దాని పగుళ్లలోనే నిలుస్తుంది. అందువల్ల ఒకరి కొత్త బోరు చాలాసార్లు పక్కవాడి పాత బోరు నీటినే లాగుతుంది. ఈ సంగతి సభలో తప్పక చెప్పండి. ఇదంతా నారు పోయకముందే, అంటే దసరా, దీపావళి మధ్యనే జరగాలి. నారు పోసిన రైతుతో పంట మార్చమని మాట్లాడటం వృథా.

జవాబు 2 (కౌలు రైతు, నర్సంపేట)

పెద్దలు ఏమీ అనుకోకపోతే ఒక మాట. వరి వదలని రైతును మొండివాడని అనుకోవడంతోనే ఇటువంటి సభలు చెడిపోతాయి. వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంటుంది, పల్లికి, నువ్వులకు ఆ భరోసా లేదు. మక్క వేస్తే అడవిపందులు, పల్లి వేస్తే కోతులు. నాలాంటి వారికి కౌలు వరి దిగుబడి లెక్క మీదే ఖరారవుతుంది కాబట్టి, పంట మార్చమని చెప్పేవారు ముందుగా భూస్వామితో కౌలు తగ్గించే మాట మాట్లాడాలి. నాట్లు తగ్గితే ఆడవాళ్ల కూలీ కూడా తగ్గుతుంది, ఆ విషయం మగవాళ్లు నిండిన సభలో ఎవరి నోటా రాదు.

2021-22 యాసంగిలో వరి వేయవద్దని పైనుండి చెప్పారు, తీరా 2022 ఏప్రిల్‌లో వడ్లు కొంటామని ప్రభుత్వమే ప్రకటించింది. వరి వద్దన్న మాట విని పంట మార్చినవారికి మిగిలిన అనుభవం ఇంకా పచ్చిగానే ఉంది. మీ సభలో చివరి మడుల వాళ్ల మౌనానికి ఇదీ ఒక కారణమేమో చూడండి.

ఇంకొకటి, చుట్టూ వరి మళ్లు ఉండగా నడుమ ఒక్కడు మక్క వేస్తే ఊటకు వేళ్లు కుళ్లిపోతాయి. మారితే ఒక తూము కింది భూమి అంతా ఒకేసారి మారాలి, లేకపోతే మారిన ఒక్కడే నష్టపోతాడు.

జవాబు 3 (మహిళా సంఘాలతో పనిచేసినవారు, వరంగల్)

పై మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. మీ ఊళ్లో తేలనిది పంట సంగతి కంటే నష్టం ఎవరు భరిస్తారన్న సంగతి. కాబట్టి గ్రామసభకు ముందే వాడవాడకూ విడిగా వెళ్లండి: చివరి మడుల వారితో ఒకసారి, కౌలుదారులతో ఒకసారి, కూలికి వెళ్లే మహిళలతో సంఘం సమావేశం రోజున ఒకసారి. అక్కడ వచ్చిన అభ్యంతరాలను పేర్లు లేకుండా సభలో చదివి వినిపిస్తే, విడిగా మాట్లాడినవారికి ధైర్యం వస్తుంది. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ జరగాలి కాబట్టి, అంతా ఒకే సభలో తేల్చాలన్న తొందర అవసరం లేదు.

మీ జిల్లాలోని ఏనబావి నేడు రసాయనాలు లేని సాగుకు పేరుపొందిన ఊరు, కానీ అక్కడ మొదట మారింది కొందరు రైతులే. పురుగుమందు లేకుండా పంట నిలవడాన్ని కళ్లారా చూశాకే మిగతావారు వచ్చారు. గీసుకొండ మండలం గంగదేవిపల్లిలో ఒక్కో పనికి ఒక్కో కమిటీ ఉండి బాధ్యత ఇంటింటికీ పంచబడింది. మీరు కూడా ఊరంతటి తీర్మానం పక్కన పెట్టి, ఒక తూము కింది రైతులను ఒప్పించండి. పందుల కాపలా వంతులవారీగా, కంచె ఖర్చు ఉమ్మడిగా, పంట చెడితే ఏం చేయాలన్నది ముందుగా రాతపూర్వకంగా ఉండాలి. తూము దగ్గరి రైతులు తమ వంతుగా ఏం వదులుకుంటారో కూడా అందులోనే రాయించండి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. ఊట సంగతి, కౌలు సంగతి మేము అసలు చర్చించనే లేదు. ముందుగా బావుల లోతు కొలిచే పని మొదలుపెడతాం. ఒక సందేహం మిగిలింది: ఈలోగా ఎవరైనా కొత్త బోరు వేస్తే పంచాయతీ ఆపగలదా?

జవాబు 1 (హనుమకొండ)

తీర్మానంతో మాత్రమే ఆపలేదు. అయితే 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద, తాగునీటికి వాడే ప్రజా బావికి లేదా బోరుకు 250 మీటర్ల లోపు సాగు కోసం కొత్తది తవ్వడంపై నిషేధం ఉంది. మీ ఊరి తాగునీటి బోర్ల చుట్టూ ఆ హద్దును పటంలో గీయించి, బావుల లోతుల పక్కనే అదే గోడ మీద పెట్టించండి.