88 ఏళ్ళ అమ్మమ్మకి తుంటి ఆపరేషన్ చేయించాలా వద్దా? ఇంట్లో ఒకటే గొడవ

చిన్నమనవడు
రాత్రి రెండింటికి అమ్మమ్మ బాత్‌రూమ్‌కని లేచి మంచం పక్కనే పడిపోయింది. మేం వెళ్ళేసరికి ఎడమ కాలు పొట్టిగా కనబడుతోంది, పాదం పూర్తిగా బయటికి తిరిగిపోయి ఉంది. అరవలేదు గానీ దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టుకుని కొరుకుతోంది. తొడ ఎముక పైన మెడ దగ్గర విరిగి పక్కకి జరిగిందట. రేపు పొద్దున్నే ఆపరేషన్, బంతి తీసేసి లోహపు బంతి పెడతాం, సంతకం పెట్టండి అంటున్నారు. ఆవిడకి బీపీ ఉంది, రక్తం గడ్డకట్టకుండా క్లోపిడోగ్రెల్ అనే మాత్ర వేసుకుంటుంది. అది తప్పిస్తే కర్ర పట్టుకుని ఇల్లంతా తిరిగే మనిషి, మాకు గుర్తులేని చుట్టాల పేర్లు కూడా చెప్పేది. పెద్దమావయ్య మాత్రం "ఈ వయసులో కోతలేంటిరా, కాలికి బరువు కట్టి ఆరు వారాలు పడుకోబెడితే అదే అతుక్కుంటుంది, నా ఫ్రెండ్‌కి అలాగే అతుక్కుంది" అంటున్నాడు. అమ్మ ఎటూ చెప్పలేక ఏడుస్తోంది. ఇలాంటిది ఎదుర్కొన్నవాళ్ళు కాస్త చెప్పండి, టైమ్ లేదు.

మొండిఘటం
చేయించొద్దు అనే చెప్తాను. మా నాన్నకి 84. ఇదే ఎముక, ఇదే తొందర, ఇదే సంతకం. ఆపరేషన్ బ్రహ్మాండంగా జరిగిందన్నారు, మర్నాడు ఎక్స్‌రే కూడా చూపించారు, బంతి తళతళలాడుతోంది. నాలుగోరోజు నిమ్ము చేసింది, పదకొండో రోజు పోయారు. నాకు మిగిలింది ఆ ఎక్స్‌రే. మీ మావయ్య చాదస్తంతో అనట్లేదు, భయంతో అంటున్నాడు, ఆ భయానికి కారణం ఉంది.

ఎముకలబడి
ఆర్థోలో పీజీ చేస్తున్నాను. మొండిఘటం గారూ, నాన్నగారి విషయం బాధాకరం, వాదించడానికి రాయట్లేదు. కానీ "అదే అతుక్కుంటుంది" అన్న ముక్క దగ్గర ఆగాలి.

తొడ ఎముక పైన బంతి ఉంటుంది, దాని కింద సన్నటి మెడ. బంతికి రక్తం ఎక్కువగా ఆ మెడని అంటిపెట్టుకుని పైకెళ్ళే చిన్న చిన్న నాళాల ద్వారానే వెళ్తుంది. మెడ విరిగి పక్కకి జరిగిందంటే ఆ నాళాలు కూడా తెగే ఉంటాయి, లేదా నలిగి ఉంటాయి. బరువు కట్టి ఆరు వారాలు కాదు, ఆరు నెలలు పడుకోబెట్టినా ఈ వయసులో అది అతుక్కుంటుందని ఆశ పెట్టుకోలేం. అందుకే పెద్దవాళ్ళలో స్క్రూలతో బిగించకుండా బంతినే మార్చేస్తాం. చిన్నవయసు వాళ్ళయితే లెక్క వేరు, సొంత బంతిని కాపాడటానికి శతవిధాలా చూస్తాం.

అదే మెడకి కాస్త కింద, ఎముక లావుగా మొదలయ్యే చోట విరిగితే అక్కడ రక్తం పుష్కలం. అది పడుకోబెట్టినా అతుక్కోవచ్చు, కాకపోతే వంకరగా, పొట్టిగా, రెండు మూడు నెలలు మంచం మీద. దానికీ రాడ్డో, ప్లేటుతో పెద్ద స్క్రూవో వేసేది తొందరగా లేపి నిలబెట్టడానికే. మావయ్యగారి ఫ్రెండ్‌కి విరిగింది ఏ ఎముకో ఒక్కసారి కనుక్కోండి.

పిన్నికూతురు
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా పిన్నికి 79, తుంటి విరిగిందన్నారు, ఆపరేషన్ లేదు, ఏమీ లేదు. నొప్పి మాత్రలు, వాకర్, రెండో వారానికల్లా వంటింట్లో ఉంది. డాక్టర్లకి కొయ్యడం తప్ప ఇంకో ఆలోచన రాదా?

ఎముకలబడి
పిన్నిగారి డిశ్చార్జి కాగితం ఉంటే ఏం రాశారో చూడండి. "ప్యూబిక్ రామస్" అని ఉంటే అది కటి ఎముక ముందు భాగం, తుంటి కీలు కాదు. పెద్దవాళ్ళు నిలబడ్డచోట పడిపోయినప్పుడు తరచుగా విరిగేదే, ఎక్కువమందికి ఆపరేషన్ అక్కర్లేదు, నొప్పి ఓర్చుకోగలిగినంత నడవమంటాం. అదే కటి వలయం, అంటే ఆ ఎముకలన్నీ కలిసిన చుట్టు, యాక్సిడెంట్‌లో తెరుచుకుపోతే లోపల రక్తం కారి గంటల్లో ప్రాణం పోవచ్చు, ముందు బెల్టు బిగించి రక్తస్రావం ఆపాలి. పేరు ఒకటే, రోగం మాత్రం భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా.

పిన్నికూతురు
చూశాను. రామస్ అనే ఉంది. మేం ఇన్నాళ్ళూ "తుంటి విరిగింది, ఆపరేషన్ లేకుండానే నడిచింది" అని అందరికీ చెప్పుకుంటూ తిరుగుతున్నాం. సారీ.

మొండిఘటం
సరే, అతుక్కోదు, ఒప్పుకున్నాను. మా నాన్నది కూడా అతుక్కునేది కాదేమో. నా ప్రశ్న వేరు. ఆపరేషన్ చేసినా సుమారు ఐదుగురిలో ఒకరు ఏడాది తిరిగేలోపు పోతారని మీ పుస్తకాల్లోనే ఉందిగా? కొన్ని చోట్ల నలుగురిలో ఒకరు. ఇక తొందర సంగతి. హిప్ అటాక్ అని 2020లో వచ్చిన పెద్ద పరిశోధన, 17 దేశాల్లో 2970 మంది, ఆరు గంటల్లో చేసినవాళ్ళకీ మామూలుగా చేసినవాళ్ళకీ చావుల్లో తేడా రాలేదు. మూడు నెలల్లో 9 శాతం, 10 శాతం, అంతే. అలాంటప్పుడు రాత్రికి రాత్రి సంతకం పెట్టమని మెడమీద కత్తి ఎందుకు? ఇంట్లోవాళ్ళు ఒక పూట ఆలోచించుకోకూడదా?

ఎముకలబడి
చదివి మాట్లాడేవాళ్ళతో వాదించడం బాగుంటుంది. అంకెలు కరెక్టే. అయితే ఆ పరిశోధనలో "మామూలుగా" అంటే ఎంతసేపో చూశారా? సుమారు 24 గంటలు. ఆరుకీ ఇరవైనాలుగుకీ చావుల్లో తేడా లేదంటే, ఆరు గంటలకీ పది రోజులకీ తేడా లేదని కాదు కదా. తొందరగా చేసినవాళ్ళకి మతి భ్రమించడం తక్కువైంది, లేచి నిలబడటం ముందైంది, ఇంటికి కూడా ముందే వెళ్ళారు. బ్రిటన్ మార్గదర్శకాలు చేరిన రోజు గానీ మర్నాడు గానీ చెయ్యమంటాయి. ఒక పూట ఆలోచించుకోండి, ఎవరూ కాదనరు. వారం అంటేనే నా గొడవ.

మరణాల మాట నిజమే, దాచను. ఆ లెక్కలో ఎముక పాత్ర కొంతే, మిగతాది మనిషి అప్పటికే ఎంత బలహీనంగా ఉన్నారన్నది.

రాత్రిడ్యూటీ
నర్సుని. రెండు వైపులవాళ్ళూ మంచం మీద ఉంచడం అంటే ఊరికే ఉంచడం అనుకుంటున్నారు. విరిగిన తుంటితో ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి. లేకపోతే నడుము కింద, మడమల మీద పుండ్లు పడతాయి. తిప్పిన ప్రతిసారీ ఆ విరిగిన ముక్కలు కదులుతాయి. బెడ్‌పాన్ పెట్టాలంటే నడుము ఎత్తాలి, చాలామంది ఆ నొప్పి భయానికి నీళ్ళు తాగడం మానేస్తారు, అడిగితే దాహం లేదంటారు. నీళ్ళు తగ్గితే యూరిన్ ఇన్ఫెక్షన్, దాంతో మతి తప్పడం. బరువు కడితే నొప్పి తగ్గుతుందనుకుంటారు గానీ, ఆపరేషన్‌కి ముందు కట్టే బరువులతో లాభం కనబడలేదని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. గజ్జ దగ్గర నరాలకి ఇచ్చే మత్తు ఇంజక్షన్ మాత్రం బాగా పనిచేస్తుంది. ఇంకా ఇవ్వకపోతే ఈ రాత్రే అడగండి.

ఇంకోటి. ఇంతసేపూ మావయ్య ఏమన్నాడు, అమ్మ ఏమంది అని రాశారు. మతి బాగానే ఉన్న మనిషి అన్నారుగా, ఆవిడని అడిగారా?

మత్తుమాట
మత్తు డాక్టర్ని. 88 అన్న అంకె ఒక్కటే చూసి ఎవరూ కేసు తిప్పిపంపకూడదు. వెన్నులో ఇంజక్షనా, పూర్తి మత్తా అని ఇంట్లోవాళ్ళు తెగ టెన్షన్ పడతారు. 2021లో రీగెయిన్ అనే పరిశోధనలో 1600 మందిని చూస్తే, 60 రోజులకి చావు గానీ నడక పోవడం గానీ రెండింట్లోనూ సుమారు 18 శాతమే. క్లోపిడోగ్రెల్ ఉంది కాబట్టి వారం ఆగుదాం అనేవాళ్ళు ఇంకా ఉన్నారు. దాని కోసం ఆపరేషన్ వాయిదా వెయ్యక్కర్లేదు, వెన్నులో ఇంజక్షన్ కుదరదనుకుంటే పూర్తి మత్తు ఇస్తాం. రక్తం పలచబడే మందులన్నీ ఒకటి కావు, కొన్నింటికి ఆగాల్సి వస్తుంది, ఇది ఆ రకం కాదు.

చివరివరకు
నాది మూడో పక్షం. మా నాయనమ్మ అప్పటికే రెండేళ్ళుగా మంచంలో, మమ్మల్నెవర్నీ గుర్తుపట్టదు, తినడం కూడా తగ్గిపోయింది. పక్క మార్చేటప్పుడు జారి తుంటి విరిగింది. మేం ఆపరేషన్ వద్దన్నాం. నొప్పికి మందులు పూర్తిగా ఇప్పించుకుని ఇంటికి తెచ్చుకున్నాం, తొమ్మిదో రోజు పోయింది. బంధువుల్లో కొందరు ఇప్పటికీ మమ్మల్ని హంతకుల్లా చూస్తారు. తర్వాత తెలిసింది, నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఇలాంటివాళ్ళ మీదే పరిశోధన చేసి 2022లో ప్రచురించారని. వృద్ధాశ్రమాల్లో ఉన్న బాగా బలహీనమైనవాళ్ళు, ఆపరేషన్ లేకుండా నొప్పి, బాధ తగ్గించే సాంత్వన వైద్యం తీసుకున్నవాళ్ళు బతికినన్నాళ్ళు గడిపిన రోజులు ఆపరేషన్ అయినవాళ్ళ రోజులకంటే అధ్వాన్నంగా ఏమీ లేవట.

మొండిఘటం
అదే పరిశోధనలో ఆపరేషన్ వద్దనుకున్నవాళ్ళలో 83 శాతం నెల తిరక్కుండానే పోయారు, చేయించుకున్నవాళ్ళలో 25 శాతం. అది కూడా చెప్పండి. ఆపరేషన్ వద్దనే నాకే ఆ అంకె చూస్తే గుండె ఆగింది.

చివరివరకు
చెప్తాను, దాచడానికేముంది. నెలలో పోతుందని తెలిసే నిర్ణయం తీసుకున్నాం. ఎక్కువ రోజులు బతికించడం కాదు మేం కోరుకుంది. కానీ చిన్నమనవడు గారూ, మీ అమ్మమ్మ మా నాయనమ్మ కాదు. చుట్టాల పేర్లన్నీ చెప్పే మనిషికి నా కథ చూపించి ఆపరేషన్ ఆపకండి.

ఎముకలబడి
ఇదే నేనూ చెప్పబోయాను. పడకముందు మనిషి ఎలా ఉందన్నదే చూడాలి, ఎన్నేళ్ళన్నది తర్వాత. మొండిఘటం గారి నాన్నగారు పడకముందు ఎలా ఉండేవారో మాకు తెలియదు, అడిగే హక్కు కూడా లేదు.

మొండిఘటం
ఉబ్బసం ఉండేది. మెట్లెక్కలేకపోయేవారు. అయినా నాకు కోపం ఆపరేషన్ చేసినందుకు కాదేమో, పోవచ్చు అని ఒక్కరూ ముందు చెప్పనందుకు.

చిన్నమనవడు
మావయ్య ఫ్రెండ్‌కి ఫోన్ చేశాం. ఆయనకి విరిగింది తొడ ఎముక మధ్యలో! బండి మీద నుంచి పడ్డాడు, అప్పటికి ఆయన వయసు 26.

ఎముకలబడి
అనుకున్నాను. తొడ ఎముక నడిమి భాగం బరువు కట్టి నెలల తరబడి పడుకోబెడితే అతుక్కుంటుంది, కుర్రాళ్ళలో మరీను. 1939లో జర్మనీలో కుంట్షర్ అనే సర్జన్ ఎముక బోలులో రాడ్డు దింపడం మొదలుపెట్టాకే ఆ పడక కాలం తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు అక్కడ రాడ్డే వేస్తారు, త్వరగానే లేపి నడిపిస్తారు.

చిన్నమనవడు
రాత్రిడ్యూటీ గారు అడిగారు కదా, అమ్మమ్మని అడిగాం. నరాల ఇంజక్షన్ ఇచ్చాక మొహం కాస్త తేటపడింది. మావయ్య పక్కనే కూర్చుని "ప్రమాదం ఉందమ్మా, నువ్వు లేకుండా పోవచ్చు" అని నేరుగానే చెప్పాడు. ఆవిడ కాసేపు పైకప్పు చూసి "అది సరేలేరా. బాత్‌రూమ్‌కి నేను నడిచి వెళ్తానా లేదా, అది కనుక్కుని చెప్పు" అంది. మావయ్య బయటికెళ్ళి సంతకం పెట్టి వచ్చాడు.

చిన్నమనవడు
ఐదో రోజు. సిమెంటుతో సగం కీలు పెట్టారు, అంటే బంతి మాత్రమే మార్చారు, గిన్నె ఆవిడదే. పూర్తి కీలు ఎందుకు పెట్టలేదని నేనే అడిగితే, ఈ వయసులో రెండేళ్ళలో మళ్ళీ ఆపరేషన్ అవసరపడటంలో రెండింటికీ తేడా రాలేదని, ఇది చిన్న ఆపరేషనని చెప్పారు. మర్నాడే ఇద్దరు పట్టుకుని నిలబెట్టారు. రెండో రాత్రి మాత్రం మతి తప్పింది, మావయ్యని ఎప్పుడో పోయిన తన అన్న పేరుతో పిలిచి తలుపు తియ్యమని గోల చేసింది, తెల్లారేసరికి తగ్గింది. ఇవాళ వాకర్‌తో ఎనిమిది అడుగులు వేసింది. తలుపు దాకా పదకొండు.

రాత్రిడ్యూటీ
ఎముకల బలానికి మందు మొదలుపెడుతున్నారా అడగండి, చాలాచోట్ల అది మర్చిపోయే పంపేస్తారు. రెండో తుంటి ఇంకా ఉంది. రాత్రిపూట బాత్‌రూమ్ దారిలో లైటు వేసి ఉంచండి.

మొండిఘటం
సంతోషం. నేను మాత్రం ఇప్పుడే ఒప్పుకోను, ఐదు రోజులకి మా నాన్న కూడా బాగానే మాట్లాడారు. నాలుగు నెలలయ్యాక ఆ పదకొండు అడుగులు ఆవిడే వేసుకుంటోందో లేదో వచ్చి రాయండి.