పర్మినెంట్ వాళ్ల సమ్మె రోజు కాంట్రాక్ట్ వాళ్లం గేటు దాటితే తప్పా?

గాజువాక ఫిట్టర్:
పెద్ద ప్లాంటులో కాంట్రాక్టర్ కింద మెకానికల్ మెయింటెనెన్స్. పర్మినెంట్ యూనియన్ సమ్మె నోటీసు ఇచ్చింది. మేం అందులో సభ్యులం కాదు, వాళ్ల వేతన ఒప్పందం మాకు వర్తించదు. సైట్ ఇన్‌ఛార్జి ఏమో ఏ షిఫ్టుకి రాకపోతే గేట్ పాస్ ఆపేస్తామంటున్నాడు, గేటు దగ్గరవాళ్లేమో వస్తే సమ్మె ద్రోహులే అంటున్నారు. లోపలికి వెళ్లడం తప్పేనా? వెళ్లకపోతే జీతం, ఈఎస్‌ఐ, సర్వీసు ఏమవుతాయి? విషయం తెలిసినవాళ్లు చెప్పండి, ఉపన్యాసాలు వద్దు.

లేబర్ ఫైళ్లు:
ముందు ఆ నోటీసు కాపీ సంపాదించి తేదీలు చూడండి. 2025 నవంబర్ 21 నుంచి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లో ఉంది. పాత చట్టంలో 14 రోజుల నోటీసు ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు ఏ పారిశ్రామిక సంస్థలోనైనా తప్పదు. నోటీసు ఇచ్చిన 14 రోజుల్లోపు సమ్మెకి దిగకూడదు, 60 రోజులు దాటితే ఆ నోటీసు చెల్లదు. చాలామంది ఇక్కడే దెబ్బతింటారు: రాజీ అధికారి మొదటి మీటింగ్ పెట్టిన రోజు నుంచి రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. అది నడుస్తున్నంతకాలం, ముగిశాక మరో ఏడు రోజులు సమ్మె చేస్తే చట్టవిరుద్ధం. అంటే ఆ 14 రోజుల్లో ఆయన ఒక మీటింగ్ పెడితే చాలు, తేదీ వెనక్కి పోతుంది. చట్టవిరుద్ధ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి జరిమానా వెయ్యి నుంచి పది వేల వరకు, లేదా నెల వరకు జైలు, లేదా రెండూ.

మీకు ఇంకో చిక్కు ఉంది. మీ యజమాని కాంట్రాక్టర్. పర్మినెంట్ యూనియన్ తన యాజమాన్యానికి ఇచ్చిన నోటీసు మిమ్మల్ని కాపాడుతుందని అనుకోకండి. పది మందో అంతకన్నా ఎక్కువో కూడబలుక్కుని, నోటీసు లేకుండా, సరైన కారణం లేకుండా మానేస్తే, నోటీసు ఇవ్వాలన్న షరతు మీ నియామకంలో ఉన్నప్పుడు ఎనిమిది రోజుల వేతనం దాకా కోయవచ్చు. అందరం సీఎల్ పెడదామన్న ఉపాయం కూడా ఇప్పుడు పారదు. సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు మూకుమ్మడి సెలవు పెడితే అదీ సమ్మె కిందకే వస్తుంది.

సమ్మె రోజులకి జీతం మామూలుగా రాదు. సమ్మె చట్టబద్ధమూ న్యాయసమ్మతమూ రెండూ అయితేనే అడగొచ్చని 1994లో సిండికేట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. సమ్మెలో ఉన్న రోజుకి ఈఎస్‌ఐ అనారోగ్య భృతి ఇవ్వరు. ఆ భృతికి ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడాలి కాబట్టి, ఇప్పటికే నాగాలు ఎక్కువున్నవాళ్లు లెక్క చూసుకోవాలి. చట్టబద్ధమైన సమ్మె వల్ల మాత్రం సర్వీసు తెగదు.

కోక్ అవెన్ సైడ్:
చట్టం సరే. అసలు లోపలికి వెళ్లి ఏం చేస్తారన్నది ఎవరూ అడగట్లేదు. నా లెక్కలో గేటు దాటడం మూడు రకాలు: మీ రోజువారీ పని మీరు చేసుకోవడం, సమ్మెలో ఉన్నవాడి పని చేయడం, ప్లాంటు పాడవకుండా మనుషులు చావకుండా కాపలా కాయడం. మూడోదాన్ని ద్రోహం అనేవాడికి ప్లాంటు తెలీదు.

బొగ్గును కోక్‌గా మార్చే కోక్ అవెన్ బ్యాటరీ సిలికా ఇటుకల కట్టడం. ఒకసారి వెలిగించాక దశాబ్దాల పాటు వేడి మీదే ఉంచుతారు. చల్లారితే ఇటుక పరిమాణం మారి గోడలు పగులుతాయి, మళ్లీ అతికేది ఉండదు. కోక్ తోయకపోయినా వేడి ఆపకూడదు. ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్‌లో గాలి ఆపవచ్చు గానీ కూలింగ్ నీళ్లు ఆపకూడదు. కరిగిన ఇనుము మోసే టార్పిడో లాడిల్‌లో లోహం వదిలేస్తే గడ్డకట్టి లాడిల్ మూలన పడుతుంది. ఫర్నేస్ గ్యాస్‌లో ఐదోవంతుకు పైనే కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన లేదు, కాబట్టి గ్యాస్ సేఫ్టీ మనిషి ఉండి తీరాలి. వీటితోపాటు ఫైర్, అంబులెన్స్, సొంత కరెంటు, పంప్ హౌస్.

రసాయనాల కంపెనీలకీ ఇదే. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ విషవాయువు లీకైంది సమ్మె వల్ల కాదు, లాక్‌డౌన్‌లో నిల్వ ఉన్న ట్యాంకులో వేడి పెరిగి, దాన్ని అదుపులో పెట్టే రసాయనం తగ్గి. నిలిపేసిన ప్లాంటుకి కూడా కాపలా కావాలనడానికి విశాఖలో ఇంకో ఉదాహరణ అక్కర్లేదు.

తెలివైన యూనియన్ సమ్మెకి ముందే మినహాయింపు జాబితా రాసిస్తుంది: పేరు, షిఫ్టు, ఏ పరికరం, ఏ పని. అందులో మీ పేరుంటే గేటు దగ్గర పికెట్ చేసే సమ్మె వాళ్లే దారి ఇస్తారు. చెడేది ఎక్కడంటే, సేఫ్టీ పేరుతో లోపలికి పిలిచి ఉత్పత్తి నడిపిస్తారు. లాగ్ బుక్‌లో చేసిన పని గంటగంటకీ రాయించుకోండి.

జగదాంబ జంక్షన్:
మూడు రకాలన్నది బాగుంది గానీ, మొదటిదాన్ని అంత తేలిగ్గా వదలకండి. సమ్మె రోజు ఫిట్టర్ తన పని తాను చేసుకున్నా ఉత్పత్తి నడుస్తుంది, సమ్మె బలం తగ్గుతుంది. అయితే పర్మినెంట్ వాళ్లు ఏళ్ల తరబడి కాంట్రాక్ట్ వాళ్ల జీతం గురించి నోరెత్తకుండా, సమ్మె రోజు మాత్రం సంఘీభావం అడిగితే ఆ అప్పు ఎవరు తీర్చాలి? వాళ్ల డిమాండ్లలో మీది ఒక్కటైనా ఉందా చూడండి. లేకపోతే ముందు అదడగండి. ద్రోహి అని పిలిచే హక్కు దాని తర్వాతే.

ఇంకో సంగతి. 2023 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీలు సమ్మెకి దిగితే గ్రామ, వార్డు సచివాలయాల సిబ్బంది చేత తాళాలు పగలగొట్టించి కేంద్రాలు తెరిపించారు. ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) పెట్టినా సమ్మె 42 రోజులు సాగింది. తాళం పగలగొట్టినవాళ్లు కూడా చిన్న జీతగాళ్లే. తప్పు చేయించినవాడిదా, చేసినవాడిదా అంటే నేను ఎక్కువ పాలు చేయించినవాడికే వేస్తాను, కానీ చేసినవాడికి సున్నా వేయను.

గాజువాక ఫిట్టర్:
థాంక్సండి. జాబితాలో మా పేర్లు లేవు. పైగా పర్మినెంట్ ఆపరేటర్ల బదులు క్రేన్, పంపులు మమ్మల్నే నడపమంటున్నారు. కొత్తవాళ్లని కూడా తెస్తారట.

లేబర్ ఫైళ్లు:
అది రెండో రకం, అక్కడ నాకు సందేహం లేదు: వద్దనండి. నైతికత పక్కన పెట్టినా, ఆథరైజేషన్ లేనివాడు క్రేన్ ఎక్కితే ప్రమాదం జరిగిన రోజు సంతకం మీదే దొరుకుతుంది. "ఫిట్టర్ పనికి సిద్ధంగా ఉన్నాను, క్రేన్ నడిపే శిక్షణ, అనుమతి నాకు లేవు" అని సైట్ ఇన్‌ఛార్జికి వాట్సాప్‌లో పెట్టండి, నోటిమాటగా కాదు. పని నిరాకరించారని అప్పుడు అనలేరు.

చట్టబద్ధమైన సమ్మె నడుస్తుండగా కొత్తవాళ్లని చేర్చుకోవడం యజమాని వైపు అనుచిత కార్మిక విధానం, అంటే చట్టం నిషేధించిన పనుల జాబితాలోది. గేటు దగ్గర మనుషుల్ని ఒంటితో అడ్డుకోవడం కార్మికుల వైపు అదే జాబితాలో ఉంది. నినాదాలు, కరపత్రాలు, బతిమాలడం తప్పు కాదు. అడ్డుకుంటే తోసుకుపోకండి, గేటు బయట నుంచే టైముతో ఇన్‌ఛార్జికి మెసేజ్ పెట్టి ఆగండి.

మీ వాళ్లు నిజంగా సమ్మెలో కలవాలనుకుంటే మీ పేరుతో వేరే నోటీసు ఇవ్వండి: కాంట్రాక్టర్‌కి ఒకటి, ప్లాంటు యాజమాన్యానికి ఒకటి, లేబర్ ఆఫీసుకి ఒకటి. కేంద్ర సంస్థ అయితే రీజినల్ లేబర్ కమిషనర్, ప్రైవేటు అయితే రాష్ట్ర కార్మిక శాఖ. మీ కాపీ మీద రసీదు ముద్ర, తేదీ వేయించుకోండి, 14 రోజులు లెక్కపెట్టేది దాన్ని బట్టే.

కోక్ అవెన్ సైడ్:
ముద్ర వేయనంటే స్పీడ్ పోస్టులో పంపండి. చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది, అది కూడా కలుపుకుని తేదీ వేయండి.